టార్చి వేస్తే కనిపించిన ముఖం

నా చేతిరాతే బాగుండదు, ఫోనులో రాస్తే ఇంకా తప్పులు పడతాయి. మన్నించి చదవండి.

మూడు రోజులుగా మా టీవీలో మాటలు వినిపిస్తున్నాయి గాని బొమ్మ రావడం లేదు. తెరంతా నలుపు. అంతకుముందే దాన్ని తడిగుడ్డతో తుడిచింది నేను. అందుకని మా ఇంటామె నాతో మాట్లాడడం మానేసింది. ఈ రోజు టీవీని దుప్పట్లో చుట్టి, రామసముద్రం నుంచి బస్సులో ఇద్దరమూ పుంగనూరు తీసుకుపోయాము.

రిపేరు చేసే మునెప్ప టీవీ ఆన్ చేసి, అంగడి షట్టరు సగం దించి, తెరకు పక్కనుంచి టార్చి వేశాడు. వెలుతురు పడిన చోట ఒక ఆడమనిషి ముఖం మసకగా కదిలింది!

"బొమ్మ ఈడనే ఉండాది తాతా. ఎనక లైట్లు పోయినాయి, అంతే," అన్నాడు.

"తడిగుడ్డతో తుడిసి పాడు సేసినాడు గదప్పా ఈయన?" అంది మా ఇంటామె.

"దానికీ దీనికీ సంబంధం లేదమ్మా. లోపల ఒక బల్బు పోతే వరసంతా ఆరిపోతాది."

నేను టార్చి అడిగి తీసుకుని తెరంతా వెతికాను. ఒక మూల చెయ్యి, ఒక మూల తలుపు కనిపించాయి. ఇన్నేళ్లూ బొమ్మే వెలుగుతుందనుకున్నాను.

"అది ఇట్లియ్యమను మునెప్పా," అని ఆమె కూడా వేసి చూసింది. చాలాసేపు చూసింది.

టీవీని బాగుచేయడానికి అంగట్లోనే వదిలి వచ్చాము. తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ, "ఫోనుకు గూడా ఎనక లైట్లుంటాయా?" అంది. మూడు రోజుల తర్వాత ఆమె నన్ను అడిగిన మొదటి మాట అది. నాకు తెలియదు. తెలిసినవాళ్లు తొందరగా జవాబు రాయండి.