ఆయమ్మ శనివారాలు

మా గల్లీ ఆయమ్మ పోయింది. మంగళవారం పొద్దున ఆవిడ కూతురు మా గడప ముందుకొచ్చి, "మామా, అమ్మ లేస్తలేదు," అంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. డెబ్బై నాలుగేళ్లవాడి పరుగు ఎంతో మీరే ఊహించుకోండి. నాకంటే ముందు మా కోడలూ, కోడలికంటే ముందు గల్లీ కుక్కా చేరిపోయాయి. ఆయమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రలోనే వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పకుండా ఆవిడ చేసిన పని జన్మకి అదొక్కటే అనుకున్నాను అప్పుడు.

ఎందుకంటే ఆయమ్మ అన్నీ వచ్చి చెప్పే మనిషి.

బోయిగూడలో మా పక్క వాటా వాళ్లది. చాలా ఏళ్లు ఒక బడిలో చిన్నపిల్లల ఆయాగా చేసింది, అందుకే అందరికీ ఆయమ్మ. వాళ్ల చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం, బల్ల ఉంటుంది. చిన్న రొట్టెముక్క, గుక్కెడు ద్రాక్షరసం. అది నోట్లో పెట్టుకునే ముందు మనసులో ఎవరిమీదా ఏదీ ఉండకూడదని ఆవిడ పట్టుదల. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని దేవుడికి చెప్పుకుంటారట. ఈవిడకి అది చాలదు. ముందురోజు శనివారం సాయంత్రం తెల్లచీర కట్టుకుని, ఎవరి విషయంలో తప్పు చేసిందో వాళ్ల గుమ్మానికే వెళ్లేది.

మాకు మొదటిసారి తెలిసింది ఆవిడ వచ్చిన కొత్తలో. తలుపుమీద రెండు దెబ్బలు. తీశాను.

"అన్నా, వదినెను పిలువు. జెర మాట్లాడాలె."

మా ఆవిడ వచ్చింది.

"వదినా, మొన్న నల్లా కాడ నా బిందె పక్కకు జరిపినవ్ గదా. అప్పుడు నిన్ను మనసుల మస్తు తిట్టుకున్న. మాఫ్ చెయ్యి."

"ఏటని తిట్టావు?" అంది మా ఆవిడ.

ఆయమ్మ అబద్ధం ఆడదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. అంతవరకూ లేని గొడవ అప్పుడు మొదలైంది. మేము శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లం. మా ఆవిడ నోరు విప్పితే మొత్తం గల్లీకి వినోదం. నేను కుర్చీ తెచ్చుకుని కూర్చుని చూశాను. ఆయమ్మ మాత్రం ఒక్క మాట తిరిగి అనలేదు. మర్నాడు చర్చి నుంచి వచ్చి, "బల్ల తీసుకోలే వదినా. నువ్వు సరే అనలే గదా," అని వెళ్లిపోయింది. మళ్లీ నెల దాకా ఆగింది. మళ్లీ వచ్చి నిలబడింది. మా ఆవిడకి ఇక తిట్టడానికి సరుకు లేదు. "సరేలే తల్లీ, లోపలికొచ్చి కూచో. టీ తాగుతావా?" అంది.

అప్పటినుంచి అదే వరస. "సరేలే" అనిపించుకునేదాకా ఆయమ్మ గడప బయటే నిలబడేది. అన్నాకే మా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది, టీ అడిగేది.

నేను ఊరుకుంటానా? ఆవిడ కనబడగానే కిటికీలోంచి అరిచేవాణ్ని.

"ఏవమ్మా, ఈ నెల సరుకేటి?"

"మీ కొత్త కూలర్ జూసి కుళ్లుకున్న అన్నా."

"అమ్మో, ఇది పెద్దదే. ఉండు, నేను ఆలోచించుకోవాలి."

"నిలబడి నిలబడి మోకాళ్లు పోతున్నయ్. జల్ది మాఫ్ చెయ్యి, పుణ్యముంటది."

"పుణ్యమన్న మాట మాది, పాపమన్న మాట మీది కదా. మా మాటలు అప్పు తెచ్చుకుంటావేటి?"

పకపకా నవ్వేది. నా వెక్కిరింతలకి గల్లీలో ముఖం ముడుచుకోని మనిషి ఆవిడొక్కతే.

మా ఆవిడ పోయాక కూడా ఆయమ్మ శనివారాలు మానలేదు. పోయినేడు వానాకాలంలో ఒకసారి టీ తాగుతూ అడిగింది.

"ఇన్నేండ్లయింది. నువ్వు ఒక్కసారి సుత ఏమీ చెప్పవేందన్నా?"

"నాకేటుంది చెప్పడానికి? రైల్వేలో ఇనుము సాపు చేసుకున్నాను, ఇంటికొచ్చి ముద్ద తిన్నాను. మీవాళ్లేమో అందరూ పాపులే అంటారు. వినడానికే కోపమొస్తుంది."

ఆయమ్మ కప్పు కింద పెట్టింది.

"బడిల చిన్నపిల్ల చడ్డీల గలీజు చేసుకుంటది గదా. ఎవరు చేసిన్రు అంటే ఏమంటదో ఎరికేనా? నేను కాదు అంటది. వాసన క్లాసంత వస్తనే ఉంటది. అది మూలకు పోయి, గోడకు ఆనుకొని, కదలకుండ నిలబడ్తది. గిట్ల ఎన్ని వందల మందిని కడిగిన్నో. నేను ఎన్నడు తిట్టలే. ఎందుకంటే వాళ్లంతల వాళ్లు కడుక్కోలేరు. చెయ్యందదు. కడుక్కోబోతే ఇంకింత పూసుకుంటరు. పెద్దోళ్లం మనం సుత గంతే అన్నా. అందుకే దేవుడే కిందికి దిగొచ్చిండు. నువ్వు గోడకు ఆనుకొని నిలబడ్డవని నాకెప్పటినుంచో అనుమానం."

నేను నవ్వబోయాను. ముప్ఫై ఏళ్లుగా దాచిన మాట ఆ ఎర్ర కుర్చీ ముందు బయటికొచ్చేసింది.

మా బావమరిది ఉద్యోగానికని మా ఊరినుంచి వచ్చి మా దగ్గరే ఉండేవాడు. కరెంటు పని. ఒక సంబంధం కుదరబోయింది. పిల్ల వాడికి బాగా నచ్చింది. పిల్ల మేనమామ గల్లీలోకి వాకబుకి వచ్చి, ఎవరో తెలియక, నన్నే అడిగాడు. నా నోరు మీకు తెలుసు కదా. "అబ్బాయి మంచోడేనండి. కాకపోతే అమావాస్యకి వొంటి మీదికి అమ్మవారొస్తుంది. నిమ్మకాయలు రెడీగా పెట్టుకోవాలి," అన్నాను. ఆయన నవ్వుతాడు, నేనే బావనని చెబుతాను, లోపలికి తీసుకెళ్లి కాఫీ ఇస్తాను అనుకున్నాను. ఆయన నవ్వలేదు. దండం పెట్టి వెళ్లిపోయాడు. వెనకాల పరుగెత్తి చెప్పాల్సింది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆ మాట మావాళ్లలో పాకిపోయింది. తర్వాత మూడు సంబంధాలు వచ్చినట్టే వచ్చి వెనక్కిపోయాయి. వాడు అద్దంలో చూసుకుంటూ, "నా మొహంలో ఏటుందక్కా?" అని మా ఆవిడని అడిగేవాడు. నేను పక్కగదిలో పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చునేవాణ్ని. వాడికి పెళ్లి కాలేదు. ఇప్పుడు సిటీ చివర యాప్రాల్‌లో ఒక్కడే ఉంటున్నాడు. మా ఆవిడ ఈ సంగతి తెలియకుండానే పోయింది.

ఆయమ్మ అంతా విని, అయ్యో అనలేదు, ఛీ అనలేదు. "మీ బావమరిదికి చెప్పు," అంది. అంతే.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. నేను ఐదో తరగతి దాటినవాణ్ని కాదు, పెద్ద విషయాలు నాకు రావు. నేను మతం మారలేదు. మారమని ఆవిడ ఒక్కనాడూ అడగలేదు. మా ఇంట్లో దీపం ఎక్కడ పెట్టేదో అక్కడే పెడుతున్నాను. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని మా అమ్మ అనేది. అది ఈరోజుకీ నమ్ముతాను. కానీ ఆ మాట పట్టుకుని ముప్ఫై ఏళ్లు మోస్తే నడుము విరిగింది. అందరూ పాపులే అన్నమాటకి ఇన్నేళ్లు కోపం తెచ్చుకున్నాను కదా, ఆరోజు అదే మాట మెత్తగా తగిలింది. గోడకి ఆనుకుని నేనొక్కణ్నే నిలబడలేదన్నమాట. క్లాసంతా నిలబడింది. మీరు కూడానండీ, నా దగ్గర నటించకండి.

బావమరిదికి చెప్పాను. వాడు మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, చేతులు కడుక్కున్నాక. వాడు చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. "నీకది జోకా బావా?" అన్నాడు. వెళ్లిపోయాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఆయమ్మ మీద విరుచుకుపడ్డాను. "నీ మాట విని ఉన్న ఒక్క బావమరిదినీ పోగొట్టుకున్నాను. నీ దేవుడు ఇట్టే క్షమిస్తాడంటావు కదా!"

"దేవుడు చేస్తడు అన్నా. నీ బావమరిది దేవుడు కాదు గదా. ఆయనకు టైం పడ్తది. పరేషాన్ గాకు."

ఆ తర్వాతి నెలలనుంచి ఆయమ్మ మా ఇంటికి ఆలస్యంగా వచ్చేది. దీపాలు పెట్టే వేళకి, చెప్పులనిండా దుమ్ముతో, ఆయాసపడుతూ. "ఏటి, పక్క గల్లీల్లో కూడా పాపాలు మొదలెట్టావా?" అంటే, "దూరపుది ఒకటుందన్నా," అని నవ్వి కూర్చునేది. నేనూ నవ్వి వదిలేశాను.

బుధవారం సమాధుల తోటలో అందరూ పిడికెడు మట్టి వేశారు. నేనూ వేశాను. వెక్కిరింత ఒకటైనా నోటికొస్తుందేమోనని చూశాను. రాలేదు.

తర్వాత వచ్చిన శనివారమే నెలలో మొదటిది. సాయంత్రం కుర్చీ బయట వేసుకుందామని తీస్తుంటే తలుపుమీద రెండు దెబ్బలు. మా కోడలు తలుపు తీసింది. బావమరిది.

లోపలికి రాలేదు. గడప బయటే నిలబడ్డాడు.

"ఆయమ్మ ఈ నెల రాలేదేటి బావా? ఒంట్లో బాగోలేదా?"

నాకు అర్థం కాలేదు. వాడే చెప్పాడు.

"నెలనెలా యాప్రాల్ వచ్చేది. ఈ వయసులో, రెండు బస్సులు మారి. 'మీ బావను చెప్పమన్నది నేనే. నీ మనసు నొచ్చింది నా వల్లనే, నన్ను మాఫ్ చెయ్యి,' అనేది. మొదటిసారి తలుపేసేశాను. రెండోసారి మంచినీళ్లిచ్చాను. ఇంకేటీ మాట్లాడేది కాదు. నీ తరఫున ఒక్క ముక్క చెప్పలేదు. ఊరికే అలా నిలబడేది, బావా. పోయిన నెల ఇంక చూడలేక, సరేలే ఆయమ్మా, కూచో అనేశాను."

ఆవిడ చేసిన తప్పు ఇందులో ఏమీ లేదు. తప్పు నాది. నాది భుజాన వేసుకుని ఆ మోకాళ్లతో వెళ్లి నిలబడింది.

మంగళవారం సంగతి చెప్పాను. వాడు పక్క వాటాకి ఆయమ్మ కూతురు వేసి వెళ్లిన తాళం వైపు చూశాడు. నేను గడప లోపల, వాడు గడప బయట. చేతులు జోడించాను.

వాడు "సరేలే" అనలేదు. చెప్పులు విప్పి, ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టి, లోపలికొచ్చి ఆ ఎర్ర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు మా కోడలితో, "టీ పెడతావా?"