చిన్నమామకు దారి

మా చిన్నమామ పోయారు. గండికోట లోయ మీద ఎగురుతూ బండల మీద పడిపోయారనీ, జమ్మలమడుగు ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందనీ ప్రొద్దుటూరులో ఉన్న మాకు సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆయన రెక్క తాళ్లలో డ్రోన్ చిక్కుకుందట. అది ఎవరిదో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

వీపుకు ఫ్యాను లాంటి ఇంజను కట్టుకుని, గుడ్డ రెక్క కింద వేలాడుతూ ఎగరడం ఆయన పని. కొత్త కోడలిగా వచ్చి, ఎవరితోనూ మాట్లాడలేక వంటింట్లోనే ఉండిపోతున్న నన్ను మా ఆయనతో పాటు గండికోటకు రమ్మనేవారు. "ఆ కొస పట్టుకోమ్మా, తాళ్లు చిక్కు తీద్దాం" అనేవారు. మాటలు అవసరం లేని పని ఇచ్చారు నాకు. టీ తాగేటప్పుడు కూడా ఆకాశం చుట్టూ ఒకసారి చూశాకే గ్లాసు ఎత్తేవారు.

మా ఆయన పెళ్లిళ్లకు డ్రోన్ ఎగరేస్తారు. ఒకసారి అక్కడే ఒక జంటను తీస్తుంటే, అది చిన్నమామ కాళ్ల పక్కనుంచే దూసుకుపోయింది. దిగాక చిన్నమామకు నడుం పట్టీ ఊడిరాలేదు. నేనే తీశాను.

"నీకు దారి ఇద్దామనే పైకి లేపినా చిన్నాయనా," అన్నారు మా ఆయన.

"పైనుంచి దిగుతాండేది నేనే గదరా. రోడ్డు మీద బండి పక్కకు తీసినట్టు కాదు ఇది. దారి ఇయ్యాలంటే నేలకు దించాల."

అంతకు మించి తిట్టలేదు. అప్పటి నుంచి ఇంజను చప్పుడు వింటే చాలు, మా ఆయన దించేసేవారు. మిగతా డ్రోన్ల వాళ్లను చిన్నమామే ఒక్కొక్కరి దగ్గరికీ పోయి అడిగేవారు, "నేను దిగినాక ఎగరేసుకోండప్పా" అని.

"ఆకాశం నీ పేరున రిజిస్టర్ చేయించుకున్నావా మామా?" అన్నాడు ఒకతను.

"లేదప్పా. మీ కాళ్లు నేల మీద ఉండాయి, నాయి గాల్లో ఉంటాయి. అంతే తేడా."

వాళ్లు నవ్వారు, ఆయనా నవ్వారు. ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం, "కొంగ నన్ను చూసి తప్పుకుంటాది. ఆ యంత్రానికి నేను కనపడనమ్మా," అన్నారు.

"మానెయ్యొచ్చు గదా మామా," అన్నాను.

"మానేసి యాడికి పోదును?"

పెద్దకర్మ అయ్యాక పులివెందులలో పెళ్లి పని ఉన్నా మా ఆయన పోలేదు. నన్ను తీసుకుని గండికోట వెళ్లారు. లోయ అంచున ఎవరో పెళ్లి జంట కోసం డ్రోన్ లేపి ఉన్నారు. మా ఆయన వాళ్ల దగ్గరికి పోయి, "రోంత సేపు దించండప్పా," అన్నారు.

"ఎందుకన్నా? పైన ఎవరుండారు ఇప్పుడు?"

ఆ మాట నిజమే. అందరం తలెత్తి చూశాం. ఎండకు తెల్లబడిన ఆకాశంలో ఆ డ్రోన్ ఒక్కటే రొద చేస్తూ తిరుగుతోంది.