రొట్టెల క్యూలో దేవత

మా పక్కింటి గ్రీకు ఆంటీ పోయారని వాళ్ళమ్మాయి కంచె దగ్గరికి వచ్చి చెప్పింది. మా అత్తగారు ఆరేస్తున్న బట్టలు వదిలేసి, "మహాతల్లి, చెప్పాల్సింది చెప్పేసి మరీ వెళ్ళింది" అన్నారు. నాకూ ఏడుపుకన్నా ముందు గర్వమే వచ్చింది.

ఆంటీ ఏథెన్స్‌లో పంతులమ్మ. వాళ్ళ దేశం దివాలా తీసిన రోజుల్లో పెన్షన్‌కి కోత పడితే, మేముండే ఈ క్రాన్‌బర్న్ ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశారు. చిక్కటి కాఫీ తాగి, కప్పు సాసర్లో బోర్లించాకే రాయడం మొదలుపెట్టేవారు. ఆవిడ కవితల్లో పాత దేవతలంతా ఇప్పటి కష్టాలే పడతారు. సముద్రదేవుడు పడవ అమ్ముకుంటాడు. మనుషులకు నిప్పు తెచ్చిచ్చినవాడి ఇంటికే కరెంటు కట్ చేస్తారు. పాపం వాళ్ళనెందుకు ఏడిపిస్తారని అడిగితే, "మన కష్టం తెలియని దేవుడు మనకెందుకు?" అనేవారు.

డిమీటర్ వాళ్ళ ధాన్యదేవత. ఆమెను ఆంటీ ఉచితంగా రొట్టెలు పంచే క్యూలో నిలబెట్టారు. పంచే అతను పేరడుగుతాడు. "పేరెందుకు నాయనా, నీ చేతిలో ఉన్నది నేను పండించిందే" అంటుంది దేవత.

ఆ కవితను ఇక్కడి గ్రీకువాళ్ళ హాల్లో చదవాలి. రేపనగా వాళ్ళ పెద్దాయన ఒకరు వద్దన్నారు. దేవతను బిచ్చగత్తెను చేసి ఊరుకాని ఊళ్ళో మన పరువు తీస్తారా అన్నారట. ఆంటీ మా వంటింట్లో కూర్చుని, ఇక చదవనన్నారు. అంత నోరున్న మనిషి అలా చిన్నబోతే నాకు ఒళ్ళు మండింది. సంగతి విన్న మా అత్తగారు తాలింపు గరిటె పక్కన పెట్టారు.

"సాక్షాత్తూ శివుడే అన్నపూర్ణమ్మ ముందు భిక్షపాత్ర పట్టాడని చెప్పమ్మా ఆవిడకి. ఆకలేసి అడగడానికి సిగ్గెందుకంట?"

నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆంటీ పగలబడి నవ్వారు. మర్నాడు ముందు శివుడి కథ చెప్పి, తర్వాత కవిత చదివారు. భాష రాని మేము జనం మొహాలు చూస్తూ కూర్చున్నాం. చివరి మాటకు హాలంతా లేచి నిలబడింది. వద్దన్న పెద్దాయన కూడా లేచారు. ఈ దేశం వచ్చిన కొత్తలో తానూ అలాంటి క్యూలో నిలబడ్డానని ఆంటీ చేతులు పట్టుకుని చెప్పారట.

పోయిన ఆదివారం చర్చిలో ఆంటీ పేరు మీద ఉడికించిన గోధుమలు పంచారు. పోయినవాళ్ళ కోసం అలా పంచడం వాళ్ళ ఆచారం. పంచదార, దానిమ్మగింజలు కలుపుతారు గానీ, మన గుగ్గిళ్ళలాంటివే. మేమూ క్యూలో నిలబడ్డాం. పంచుతున్నది ఆ పెద్దాయనే. అందరికీ చిన్న కాగితం సంచుల్లో ఇస్తున్నారు. మా అత్తగారు సంచీ వద్దని, తలెత్తుకుని రెండు చేతులూ చాపారు. ఆయన నవ్వి, దోసిలి నిండా పోశారు.