నీళ్లేగా!

మా బావ టూరిస్టు వ్యాను నడుపుతాడు. ముక్కూ మొహం తెలియని జనాన్ని తీరం వెంట బీచి బీచికీ తిప్పుతాడు. సర్ఫింగ్ జరిగే చోట ఆపి, వాళ్ల తనివి తీరేదాకా ఎండలో ఓపిగ్గా నిలబడతాడు. మా అక్క సముద్రం చూస్తానంటే మాత్రం, "చూడ్డానికేముందే, నీళ్లేగా!" అంటాడు. పెళ్లయినప్పటినుంచీ ఇదే పాట.

నీళ్లేనట! మరి ఆయనగారి బూట్లలో, జేబుల్లో, ప్యాంటు మడతల్లో రోజూ ఇంటికొచ్చే ఇసుక ఎవరెత్తిపోయాలి? ఊడ్చీ ఊడ్చీ అక్క నడుము పడిపోయింది.

మొన్న అక్క వారం రోజుల ఇసుకని సంచిలో పోసుకుని వ్యాను స్టాండుకి బయలుదేరింది. తోడు నేనూ వెళ్లాను. ఎక్కి కూర్చున్న జనమంతా చూస్తుండగా ఆ ఇసుకని డ్రైవరు సీటు మీద కుమ్మరించి, తను పక్క సీట్లో కూర్చుంది.

"నలుగురిలో నా పరువు తీస్తావా? దిగు!" అని బావ గయ్యిమన్నాడు.

"మీ సముద్రం సొమ్మే. ఇవాళ మీరే ఊడ్చుకోండి. నేను దిగను."

వెనక సీట్లోని పెద్దావిడ ఈ గొడవేదీ పట్టనట్టు ముందుకు వంగింది. "డ్రైవరుగారి భార్యవా అమ్మా? ఏ బీచి బావుంటుందో చెప్పు."

"నన్నడిగితే ఏం చెప్పనండీ?" అక్క బావ మొహంలోకి చూస్తూ అంది. "నాకు తెలిసింది ఇసుకొక్కటే."