గడ్డం మీది మూడు చుక్కలు

నలభై ఏడేళ్ల వయసులో అక్షరాలు నేర్చుకున్నాను. మా చర్చి వెనక గదిలో మధ్యాహ్నాలు చెప్పేవారు. బైబిలు చదువుకుంటే చాలనుకున్నాను గానీ, రెండేళ్లు తిరక్కుండానే కంప్యూటరు ముందు కూర్చుంటానని అనుకోలేదు.

నరసన్నపేటలో మా అప్ప, అంటే మా అక్క, కూతురు జెరాక్సు షాపు పెట్టింది. ఫోటోలు కూడా తీసేది. నేను వెళ్లి కాగితాలు అందిస్తూ మౌసు పట్టడం నేర్చుకున్నాను. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడికలో పెట్టడానికి పెద్ద ఫోటో కావాలి. ఆ పని నేనే చేస్తానన్నాను. అమ్మ ఫోటో ఉన్నది ఒక్కటే, చర్చిలో కోత పండుగనాడు మరో ముగ్గురు ఆడవాళ్లతో కలిసి దిగినది. అమ్మ ఎప్పుడూ కొంగు గడ్డం మీదికి లాక్కునేది. ఆ రోజు ఫోటో తీసేవాడు గదమాయిస్తే వదిలింది.

షాపులో ఫోటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్లు రెండుండేవి. ఒకటి ఊరికే వచ్చింది. రెండోది కొనుక్కోవాల్సింది, పది రోజులు వాడి చూడమని ఇచ్చారట.

“రెండూ పట్టి సూడు పిన్నీ. కొన్నదాంట్లో ఒక్క నొక్కుకి అయిపోతాది. ఊరికే వచ్చినదాంట్లో అన్నీ మనమే సేసుకోవాల. నీకేది వీలయితే అదే నేర్పుతాను” అంది మా అప్ప కూతురు.

తేలికైనది ముందు పట్టాను. అమ్మ ఒక్కదాన్నే కత్తిరించి, పిల్ల చూపించిన చోట నొక్కాను.

నా చెయ్యి మౌసు మీద నుంచి లేచిపోయింది. అమ్మ గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు లేవు. వాటి చుట్టూ ఉన్న మచ్చ లేదు. ముడతలు లేవు. తెల్లటి మనిషి ఎవరో అమ్మ చీర కట్టుకుని నన్ను చూస్తోంది.

“బయపడకు పిన్నీ, ఎనక్కి తెచ్చీగలం.”

అప్పుడే మా అప్ప టిఫిను డబ్బాతో వచ్చింది. “ఏటే, అమ్మేనా? ఎంత కళగున్నాదే! ఇదే కొనీ.”

“అమ్మ నాగ నేదప్పా. ఎవరో టీచరమ్మ నాగున్నాది.”

“ఉంటే నీకేటి నొప్పి? నాలుగచ్చరాలొచ్చీసరికి మా మీద పెత్తనమా?”

“సుక్కలేవి? అమ్మవారు పోసిన మచ్చేది?”

అప్ప డబ్బా బల్ల మీద పెట్టింది.

“అది అమ్మవారు పోసిన మచ్చ కాదే. జీడినూనె. బాప్తీసం తీసుకున్న ఏడు సర్చిలో ఒకావిడ అడిగీసినాది, పాత దేవతల గురుతులెట్టుకుని ప్రభువు బల్ల కాడికి రొట్టె తీసుకోడానికెలా వస్తావని. అమ్మ ఇంటికొచ్చి గడ్డానికి జీడినూనె రాసీసుకున్నాది. తోలు లేచిపోనాది, సుక్కలు పోనేదు. అప్పుటికి నువ్వు పుట్టనేదు.”

మశూచి మచ్చ అని అమ్మే నాకు చెప్పింది. చిన్నప్పుడు ఆ గుంటలో వేలు పెట్టి ఆడుకునేదాన్ని. ఒక్కసారి కూడా నా చెయ్యి తొయ్యలేదు.

“అందుకే అంటన్నాను. ఆవిడ కోరుకున్నాది అదే. తీసీ” అంది అప్ప.

“సుక్కలు తీసి మచ్చ ఉంచడం దీంట్లో అవుద్దా?” అని పిల్లనడిగాను.

“అవుద్దేమో పిన్నీ, నాకింకా అంత తెలీదు. ఊరికే వచ్చినదాంట్లో అయితే ఒక్కో సుక్కా సేత్తో తీసుకోవొచ్చు.”

ఆ ఊరికే వచ్చినదే తెరిపించాను. పక్క చర్మాన్ని తీసి చుక్క మీద అద్దాలి. మొదటి చుక్క మీదే నాలుగుసార్లు చెడిపోయింది. మూడూ పోయేసరికి మధ్యాహ్నమైంది. మచ్చ జోలికి వెళ్లలేదు.

“మచ్చ ఉంచీసినావేటే?”

“సుక్కలు ఎవరో పొడిసినారు. ఇది అమ్మ సేసుకున్నాది.”

అప్ప నన్ను తిట్టడానికే నోరు తెరిచింది. తిట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, “ప్రింటు తీసీ” అంది కూతురితో.

కాగితం మెల్లగా బయటికి వస్తోంది. నుదురు, కళ్లు, ముక్కు, కాలిన గడ్డం. పుట్టినప్పట్నించీ చూసిన ముఖాన్ని ఆ రోజే మొదటిసారి చూస్తున్నట్టు నిలబడిపోయాను. ఇది అమ్మ మెచ్చే ముఖమో కాదో, అడగడానికి ఆవిడ లేదు.