మోటరు ఇరుసుకు కందెన

మా ఆయన కొన్న బండిని పట్నంలో పికప్ అంటారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మా ఊళ్ళో అది మోటరే. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక తొట్టి, నాలుగు చక్రాలు, ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. మంచిర్యాల వైపు బొగ్గు పనులు చేసే కాంట్రాక్టరు ఒకాయన వాడి వాడి వదిలేసిన బండి. తొట్టిని ఎన్నిసార్లు కడిగినా పలకల సందుల్లోంచి బొగ్గు పొడి వస్తూనే ఉండేది. ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో, ఎడ్లనూ ఎడ్లబండ్లనూ అమ్మి దాన్ని తెచ్చారు.

ఆ ఎడ్లు మా మామవి. మా ఊరు నిర్మల్ ఘాటు రోడ్డు కింద. మీసం రాకముందు నుంచీ ఘాటు మీది ఊళ్ళ జొన్నలు, పత్తి, కట్టె కిందికి తోలిన మనిషి ఆయన. మా అత్త నా పెళ్ళికి ముందే పోయింది. ఇంట్లో మామ, మా ఆయన, నేను. ఎడ్లు పోయిన మరునాటి నుంచి మామకు పొద్దున లేచి చేయడానికి పని లేకుండా పోయింది. కాసేపు ఖాళీ కొట్టం ముందు నిలబడేవాడు. తర్వాత వంటింటి గడపలోకి వచ్చి పొయ్యిలో కట్టె ఎట్లా పెట్టాలో నాకు చెప్పేవాడు. పాపం అనిపించేది, ఒళ్ళు మండేది కూడా. పని లేని మగవాడు పొద్దంతా ఇంట్లో ఉంటే ఎంత పరేషానో ఆడవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే ఒకరోజు మామ, "నడుపుడు నువ్వు నడుపు. ఇరుసులు నేను సూస్కుంట," అన్నప్పుడు మా ఆయన కాదనలేదు. ఎడ్లబండికీ మోటరుకూ మామకు కనబడిన చుట్టరికం అదొక్కటే, రెంటికీ ఇరుసు ఉంది. ఆ పని కూడా చేతిలోంచి పోతే ఆ ఇంట్లో ఆయన పూటకింత తిని కూర్చునే ముసలివాడవుతాడు. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు. ఎవరమూ పైకి అనలేదు.

మొదటి వానాకాలం వెళ్ళగానే వెనక ఇరుసు విరిగింది. వాగు ఇసుకలో చక్రం దిగబడితే మా ఆయన కోపం మీద రేసు తొక్కాడట. లోపల టప్పుమని శబ్దం వచ్చింది. ఇంజను తిరుగుతోంది, చక్రం తిరగడం లేదు. కరీంనగర్ నుంచి మిస్త్రీ వచ్చాడు. పాత సామాన్ల దుకాణాల్లో వెతికిన ఇరుసు కడ్డీని గోనెసంచిలో చుట్టి బస్సు మీద వేయించుకొని వచ్చాడు. మాట ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించే మనిషి. పని మాత్రం మొదలుపెట్టిన చోటే ముగించేవాడు.

మోటరు వెనక ఇరుసు ఒకే కడ్డీ కాదని, ఒక గొట్టం లోపల రెండు సగాలుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. బండిని జాకీతో లేపి, కింద బండలు పేర్చి, చక్రం విప్పి మిస్త్రీ కడ్డీని లాగితే సగమే వచ్చింది. మిగతా తునక లోపలే ఉండిపోయింది. గట్టి తీగకు ఉచ్చు వేసి, చెవి గొట్టానికి ఆనించి, చాలాసేపు తంటాలు పడి దాన్ని బయటికి తీశాడు. మామ ఆ తునకను అందుకొని విరిగిన ముఖాన్ని ఎండకు పెట్టి చూశాడు. ఒక పక్క తుప్పు పట్టి నల్లగా ఉంది, ఒక పక్క కొత్త గిన్నెలా మెరుస్తోంది.

"గిది నిన్న ఇరిగింది కాదు. ఎప్పుడో పగిలింది, నిన్న ఊడింది," అన్నాడు.

"సహీ బాత్, పెద్దాయనా," అన్నాడు మిస్త్రీ. "పాత మాలిక్ పగలగొట్టిండు, మీ కొడుకు ఇరగ్గొట్టిండు."

ఆ మాట మీద మామ చాలా రోజులు బతికాడు. ఇంటికి ఎవరు వచ్చినా ఆ తునక తెచ్చి చూపించేవాడు. చుట్టాలకు చల్ల ఇచ్చే లోపే ఇరుసు ముక్క ఇచ్చేవాడు.

పోతూ పోతూ మిస్త్రీ ఒక డబ్బా పచ్చ గ్రీజు ఇచ్చాడు. ముందు చక్రాలను అప్పుడప్పుడు విప్పి, లోపలి బేరింగులను కిరసనాయిల్లో కడిగి, ఆ గ్రీజు పట్టించాలని మా ఆయనకు చెప్పాడు. మా ఆయన తల ఊపాడు. ఆయన ఎవరు ఏం చెప్పినా తల ఊపే రకం. మిస్త్రీ మామకు మాత్రం ఏమీ చెప్పలేదు. నడిపేవాడికి చెబితే చాలనుకున్నాడు. మామ డబ్బా మూత తీసి, వేలితో ముట్టి, "గిదేంది, గడ్డపెరుగు లెక్క ఉన్నది? గిది ఇరుసుల ఎట్ల పారుతది?" అని మూత పెట్టేశాడు. డబ్బా అటక ఎక్కింది.

మామ లెక్కలో ఇరుసు అంటే తడిగా ఉండాలి. దానికి కందెన కావాలి. ఆముదాలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనె తీసి, అందులో కాల్చిన గడ్డి మసి కలిపితే కందెన. ఆ ఇంటి కోడలిగా నేను మొదట నేర్చిన వంట అదే. ఎంత సీకాయ రుద్దినా ఆ వాసన జుట్టును వదిలేది కాదు. బండ్లవాళ్ళకు చక్రం కీచుమనడాన్ని మించిన నామోషీ లేదు. దారిలో చక్రం అరిస్తే ఎదురొచ్చే బండ్లవాళ్ళు, "ఏందే, ఇంట్ల ఆముదం ఒడిసిందా?" అని ఎగతాళి చేసేవారట. తన బండి జన్మలో ఒక్కసారి కూడా అరవలేదని మామ చెప్పుకునేవాడు.

ఆ చలికాలం మోటరు ముందు చక్రం కీచుమనడం మొదలుపెట్టింది. వాకిట్లోకి వచ్చి ఆగేటప్పుడు వీధి చివరిదాకా వినిపించేది. మా ఆయన పట్టించుకోలేదు. మామకు మాత్రం అన్నం సహించలేదు.

"బిడ్డా, జర కందెన చెయ్యి," అన్నాడు నాతో.

చేసి ఇచ్చాను. ముందు చక్రం నడుమ చిన్న రేకు మూత ఉంటుంది. దాన్ని ఉలితో మెల్లగా లేపి, లోపల నిండుగా కందెన పోసి, మళ్ళీ కొట్టాడు. రెండు చక్రాలకూ అంతే. మోటరు ఇంటికి వచ్చిన ప్రతిసారీ పోశాడు. కీచు కొంచెం తగ్గింది, ఇంకొంచెం తగ్గింది, చివరికి పూర్తిగా ఆగిపోయింది.

"సప్పుడు బందైంది, సూశినవా?" అన్నాడు. ఆ పూట జొన్న గట్క మరో గంటె వేయించుకున్నాడు. నాకూ సంతోషమే. వంటింటి గడప దగ్గర ఆయన కనిపించి చాలా రోజులైంది మరి.

కీచుమన్నది ఇరుసు కాదు, బ్రేకు. పల్చటి కందెన లోపలి గ్రీజును కరిగించుకొని, పాతబడిన సీలు దాటి, బ్రేకు డ్రమ్ములోకి దిగింది. బ్రేకు పట్టడం మానేసింది కాబట్టి అరవడమూ మానేసింది. ఈ సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు. ఊరి బాటలో, ఖాళీ తొట్టితో, వెనక బ్రేకులతోనే పని జరిగిపోయేది. పెడలు మెత్తబడిందని మా ఆయన ఒకసారి అన్నాడు. అని ఊరుకున్నాడు.

ఒకరోజు మా ఆయన ఘాటు మీద నుంచి నిర్మల్‌లో బొమ్మలు చేసేవాళ్ళకు పొనికి కట్టె తెస్తున్నాడు. రెండో మలుపు దాటాక బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. మళ్ళీ తొక్కాడు, జారుతూనే ఉంది. ఒక పక్క లోయ, ఒక పక్క కొండ. స్టీరింగు కొండవైపు తిప్పాడు. ముందు చక్రం బండరాయికి గుద్దుకొని బండి నిలిచింది. నుదురు పగిలింది, ఎడమ మణికట్టు వాచింది, కట్టె రోడ్డంతా దొర్లింది. పొనికి తేలిక కట్టె కాబట్టి ముందుకు ఉరికి ఆయన మీద పడలేదు. అది టేకు అయి ఉంటే ఈ కథ చెప్పడానికి నాకు వేరే నోరు కావాల్సి వచ్చేది.

ఘాటు ఎక్కుతున్న బండ్లవాళ్ళు చూసి ఇంటికి కబురు తెచ్చారు. మామ ఊళ్ళో రెండు జతల ఎడ్లు అడిగి తీసుకొని ఘాటుకు పోయాడు. పొద్దు వాలక ముందే మోటరు ఎడ్ల వెనకాల కుంటుకుంటూ వచ్చింది. ఎడ్లను అమ్మి కొన్న బండిని ఎడ్లే ఈడ్చుకొస్తుంటే ఊరి జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తలకు గుడ్డ కట్టుకొని లోపల కూర్చున్న మనిషిని దింపి నుదుటి నెత్తురు కడిగాను.

మళ్ళీ మిస్త్రీ వచ్చాడు. ముందు ఇరుసు ఒక ముక్క, లోపల సగాలు లేవు. అది వంగిపోయింది, కొత్తది వేయాలి. రాయికి గుద్దుకున్న చక్రాన్ని ముందుగా విప్పి డ్రమ్ము లాగాడు. వంటింటి గడపలో ఉన్న నాకు ఆముదం వాసన కొట్టింది. మసి కలిసిన నల్లటి నూనె డ్రమ్ములోంచి నేలమీదికి కారింది. ఆ వాసన ఎవరికీ చెప్పాల్సింది కాదు. మా ఆయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. మామ అరుగు మీద ఉన్నాడు.

"సీలు పోయినట్టున్నది ఉస్తాద్," అన్నాడు మా ఆయన, గొంతు కొంచెం పెంచి.

మిస్త్రీ వేలికి అంటిన నూనెను చూసుకున్నాడు. అరుగు వైపు ఒకసారి చూశాడు. "హా, సీలే. పాతది గదా," అన్నాడు.

అంతటితో అయిపోతుందనుకున్నాను. అయిపోవాలని దేవుడికి మొక్కాను కూడా. కొడుకు చావు అంచుదాకా పోయింది తన చేతి వల్ల అని తెలిస్తే ఆ మనిషి మళ్ళీ లేచి నిలబడతాడన్న నమ్మకం నాకు లేదు.

మామ అరుగు దిగి వచ్చాడు. డ్రమ్ములో వేలు పెట్టి వాసన చూశాడు.

"సీలు కాదు. నేను పోసిన," అన్నాడు.

"బాపు, గట్లేం లేదు..."

"నువ్వు ఊకో. సప్పుడు బందైంది అనుకున్న. బ్రేకు బందైంది." వేలిని ధోతికి తుడుచుకున్నాడు. తర్వాత మిస్త్రీ ఎదురుగా నేల మీద గొంతుకూర్చున్నాడు. "ఇగ నాకు సూపియ్యి. మొదటి సంది సూపియ్యి."

మిస్త్రీ ఆయన కన్నా చాలా చిన్నవాడు. నవ్వబోయి మానుకున్నాడు. చూపించాడు. బేరింగును కిరసనాయిల్లో ఎట్లా కడగాలో, అరచేతిలో గ్రీజు పెట్టుకొని దాని అంచుతో గీరుతూ రెండో పక్క నుంచి పైకి వచ్చేదాకా ఎట్లా నింపాలో, చివరి నట్టును ముందు బిగించి, చక్రం తిప్పి చూసి, ఎంత వదులు చేయాలో చూపించాడు. మామ ప్రతి పనీ రెండోసారి తన చేత్తో చేసి చూపించి, "గిట్లనేనా?" అని అడిగాడు. అటక మీది పచ్చ గ్రీజు డబ్బా కిందికి దిగింది. కొత్త ఇరుసు ఎక్కించే పని సాయంత్రం దాకా సాగింది. మామ ఆ పూట అన్నానికి లేవలేదు.

ఆ తర్వాత మోటరు మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇరుసుల పని మామదే. పొరపాటు జరిగింది కదా అని మా ఆయన తీసేసుకోలేదు. ఆయన మీద నాకు మనసారా గౌరవం కలిగిన సందర్భాలు కొన్నే, అందులో ఇదొకటి. మామ పని శుభ్రంగా చేసేవాడు. బేరింగుకు దుమ్ము అంటకూడదని నా కొత్త చీర కొంగు చింపాడు కూడా. అది వేరే గొడవ.

కానీ ఒక షరతు పెట్టాడు. తాను చక్రాలు విప్పి బిగించిన ప్రతిసారీ, బరువు ఎత్తక ముందు మోటరు ఖాళీగా ఘాటు ఎక్కి దిగి రావాలి. దిగేటప్పుడు తాను ముందు సీట్లో ఉండాలి. మామకు మోటరు పడదు. పెట్రోలు వాసనకే కడుపులో తిప్పేది. ఘాటు దిగేలోపు తప్పకుండా వాంతి అయ్యేది. ఇంటికి వచ్చి చాప మీద పడుకొని ఆ పూటకు మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. మా ఆయన బతిమాలి విసిగిపోయాడు.

ఒక ఎండాకాలం జ్వరం పడి లేచాడు. నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. ముందు చక్రాలు విప్పి గ్రీజు పెట్టి బిగించాడు, కండువా భుజాన వేసుకొని మోటరు దగ్గరికి నడిచాడు. నాకు కోపం ఆగలేదు.

"ఏంది మామా నీ జిద్దు? బ్రేకు పడ్తదో లేదో ఆయన సూస్కోడా? నువ్వు పక్కన కూసుంటే అది గట్టిగ పడ్తదా?"

"పడది బిడ్డా," అన్నాడు.

"మరి ఎందుకు పోవుడు?"

మోటరు తలుపు తీసి పట్టుకున్నాడు. "ఆ దినం నేను చేసిన దానికి వాడొక్కడే పోయేటోడు. నేనేమో ఇంటికాడ కూసోని, ఇంకా రాలేదేందని తొవ్వ సూస్తున్న. నా చేతి పని మీద ఇగ వాణ్ణొక్కణ్ణే పంపియ్య."

నాకు ఏడుపొచ్చింది. ఆయన రెండు చేతులతో కాలు ఎత్తి లోపల పెట్టుకొని, ఎక్కి కూర్చొని, కొడుకుతో "పోనియ్యి" అన్నాడు.