యాత్ర బస్సులో అక్క సీటు

యాత్ర బస్సులంటే నాకు ఒళ్లు మంట. ఇరవై ఏళ్ల వయసులో ఒక్కసారి ఎక్కాను. ఆదోని నుంచి కంచి, మహాబలిపురం తిప్పి తెచ్చే బస్సు. మేనేజరు మెడలో ఈల. దించడానికి ఈల, ఎక్కించడానికి ఈల, తలకాయలు లెక్కపెట్టడానికి మళ్లీ ఈల. మహాబలిపురంలో రాతి ఏనుగు కాళ్ల మధ్య నిలబడిన గున్నలను చూస్తూ కూర్చుంటే ఆ పెద్దమనిషి వచ్చి, "బస్సు బస్సంతా నీకోసరం కాసుకోనుండారు. ఆ రాయిలో ఏముందప్పా అంతగా సూసేకి?" అని రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. ఇక మందతో కలిసి ఎక్కడికీ పోనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

ఎమ్మిగనూరులో బడిపంతులు ఉద్యోగం వచ్చాక సెలవులన్నీ ఒంటరి తిరుగుళ్లే. ఆదోని పోయి ఏదో ఒక ప్యాసింజరు ఎక్కడం, పేరు నచ్చిన స్టేషన్లో దిగడం, దొరికింది తినడం, చోటున్నచోట పడుకోవడం. స్టాఫు రూములో ఆ కబుర్లు చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగా ఉండేది. కొంచెమేమిటి, చాలానే.

మా ఇంట్లో అక్క ఉండేది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. పెళ్లయిన మూడేళ్లకే బావ పోతే గోనెగండ్ల నుంచి మా ఇంటికి తిరిగొచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. మడి మనిషి. స్నానం చేసి, ఎవరూ తాకని చీర కట్టుకుని, తన వంట తానే వండుకుని తినేది. హోటలు కాఫీ కూడా ముట్టి ఎరగదు. మంత్రాలయం దాటి ఆవిడ చూసిన ఊరు లేదు. రామేశ్వరం పోయి సముద్రంలో మునగాలన్నది ఆవిడకున్న ఒకే ఒక్క కోరిక.

డెబ్బయ్యో దశకం చివర్లో ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన ఏటా మాఘమాసంలో రామేశ్వరానికి బస్సు వేసేవాడు. వంటవాళ్లు, పాత్రలు, పొయ్యిలు అన్నీ బస్సుతోనే. ఒక ఏడు మా వీధి ఆడవాళ్లు ఐదారుగురు పేర్లిచ్చారు. అక్క కూడా ఇచ్చిందని నాకు వీధిలోనే తెలిసింది. నాతో చెప్పలేదని కోపం వచ్చింది.

"అందురూ పోతాండారు కదరా, నేనూ పోయొస్తా" అంది.

"ఆ ఈలకు నువ్వు ఉరకగలవా? సముద్రం కాడ అర్ధగంట నిలబడనీరు. నేను పిల్చుకోని పోతాక్కా. నీకు సాలనిపించేదంకా కూసో."

 "నీ ఇష్టం నాయనా" అంది అక్క. నన్ను పెంచిన మనిషి నాతో ఎప్పుడూ వాదించలేదు. ఆదివారం ఆదోని పోయి ఆమె పేరు నేనే కొట్టేయించాను. వ్యాపారి పుస్తకం తెరిచి, "అప్పా, ఆయమ్మ ఒగ మాట అడిగిండ్య…" అంటూ ఏదో చెప్పబోయాడు. "ఏం వద్దులే, కొట్టెయ్" అన్నాను. ఆ మాటేమిటో నేను అడగలేదు.

మేమిద్దరం రైలెక్కాం. నా భార్య ఒక డబ్బా నిండా అటుకులు, బెల్లం పెట్టి, పైన గుడ్డ చుట్టి ముడి వేసి ఇచ్చింది. మద్రాసులో దిగి, రామేశ్వరం రైలు కోసం ఎగ్మోరు స్టేషనుకు పోయాక నాకు కడుపు నకనకలాడింది. అక్కేమో "నాకాకలి లేదురా, నువ్వు పోయి తినిరా పో" అంది. తినొచ్చాను. రామేశ్వరంలో సత్రానికి పోదామా అని అడిగింది. సత్రమంటే మళ్లీ జనం, గోల. నాకు ససేమిరా కుదరదు. సముద్రం కనబడే లాడ్జిలో గది తీసుకున్నాను. అక్క సముద్రంలో మూడు మునకలు వేసి, అరటిపండ్లు తిని, కొబ్బరినీళ్లు తాగి పడుకుంది. దానికేం, డబ్బాలో అటుకులున్నాయి కదా అనుకున్నాను.

మర్నాడు ధనుష్కోటి ఇసుకలో నడిపించాను. తుఫాను ఊడ్చేసిన ఊరు. మొండిగోడలు, విరిగిన స్టేషను, రెండు పక్కలా సముద్రం. నాకు ఒళ్లు తెలియలేదు. అక్క ఒక గోడ నీడన కూలబడి, "ఇంగ నడిసేకి కాదురా" అంది. నాకు కొంచెం చిరాకు కూడా వేసింది.

"ఎంత బాగుందో సూడక్కా. ఒక్క మనిషి లేడు."

అక్క అటూ ఇటూ చూసింది. "అవును. ఒక్కరూ లేరు" అంది. నాకెంత బాగుందో ఆవిడకూ అంత బాగుందనే అనుకున్నాను.

మేమొచ్చిన పది రోజులకు బస్సు తిరిగొచ్చింది. కలిసి పోయినవాళ్లంతా కలిసి సమారాధన చేసుకోవడం మా వైపు ఆచారం. దానికి పిలవడానికి ఎదురింటావిడ వచ్చింది. అక్క పెరట్లో ఉంది. ఆవిడ అరుగు మీద కూర్చుని నాతో, "మీయక్క అడిగిందని ఆ యాపారి మడి పొయ్యి యేరేగా పెట్టించినాడప్పా. మడి కట్టుకోని వండే ముసలామెను రాయచూరు నుంచి పిలిపిచ్చినాడు. అడిగినామె రాకపాయ, మేమంతా తిన్యాం" అంది.

లోపలికి పోయి అటక మీద డబ్బా దించాను. బరువుగా ఉంది. నా భార్య వేసిన ముడి వేసినట్టే ఉంది. రైల్లో పదిమందికి తగిలిన డబ్బా ఆవిడకు పనికిరాదు. సత్రంలో అయితే ఒక మూల పొయ్యి రాజేసుకుని ఇంత అన్నం వండుకునేది. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలియాలి. పోయి రావడానికి పట్టిన ఆరు రోజులూ ఆవిడ పండ్లతో, నీళ్లతో గడిపింది. ఆ పూట నామీద నాకు అసహ్యం వేసింది.

"ఎందుకు సెప్పలేదక్కా?" అన్నాను.

"సెప్తే నీకు బాదయితాదని. నువ్వు అంత సంతోసంగా ఉంటివి." చేటలోని బియ్యం మీంచి తల ఎత్తకుండానే అంది.

వచ్చే ఏడు బస్సులో పొమ్మని బతిమాలాను. "నా యాత్ర అయిపాయె కదరా" అంది. ఏటా మాఘం పోగానే ఎదురింటి అరుగు మీద ఆడవాళ్లు చేరి బస్సు కబుర్లు చెప్పుకునేవారు. ఎవరు ఎక్కడ జారిపడ్డారు, ఏ సత్రంలో పప్పు మాడింది, ఎవరు నిద్రలో కలవరించారు. అక్క మా గడపలో కూర్చుని వినేది. అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వేది. నాకు అది చూడబుద్ధయ్యేది కాదు, లేచి బజారుకు పోయేవాణ్ణి. ఒంటరి ప్రయాణాలు మానలేదు కానీ, వాటి కబుర్లు స్టాఫు రూములో చెప్పడం మానేశాను.

ఎనభయ్యో దశకం నడిమధ్యలో, పుష్యమాసంలో, కామెర్లు వచ్చి అక్క పోయింది. అస్థికలు ఇంట్లో పెట్టకూడదు కనుక కుండలో వేసి, మూతికి గుడ్డ చుట్టి ముడి వేసి, పెరట్లో వేపకొమ్మకు కట్టాను. బస్సు బయల్దేరడానికి ఇంకా మూడు వారాలుంది. ఆదోని పోయి వ్యాపారిని కలిశాను. ఆయనా ముసలివాడయ్యాడు.

"రెండు సీట్లు కావాల. ఒగటి నాకు, ఒగటి మాయక్కకు" అన్నాను. విషయం చెప్పాను. జవాబు ఏమిటో నాకు ముందే తెలుసు.

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అప్పా, మడి వంట ఎక్కే బస్సు. అస్థులు ఎక్కించేకి కాదప్పా. నువ్వు సదువుకున్నోడివి, నీకు తెలీదా."

తెలుసు. అందుకే ఇంకొక మాట అడిగాను, బస్సు రామేశ్వరం ఏ రోజు, ఏ వేళకు చేరుతుందని. ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, ఒక చీటీ మీద రాసిచ్చాడు.

రెండోసారి కూడా అక్క నాతో ఒంటరిగా రైల్లోనే వచ్చింది. ఎగ్మోరులో హోటలు దాకా పోయి, లోపలికి అడుగు పెట్టకుండానే తిరిగొచ్చాను. చెప్పిన రోజు తెల్లవారుజామునే సముద్రం ఒడ్డుకు పోయాను. మోకాలి లోతు నీళ్లలో కుండ పట్టుకుని నిలబడ్డాను. పురోహితుడు తొందర పడుతున్నాడు, ఇంకా ముగ్గురు కాచుకుని ఉన్నారట. కొంచెం ఆగమని బతిమాలాను. ఎండెక్కింది. చేతులు లాగుతున్నాయి.

చివరికి వెనక రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడైంది. ఈల మోగింది. మా వీధి ఆడవాళ్ల మాటలు ఒక్కటొక్కటిగా దగ్గరయ్యాయి. వాళ్లు నీళ్లలోకి దిగేదాకా ఆగి, అప్పుడు ముడి విప్పాను.